మక్కికి మక్కి దించితే ఆ టోన్ వస్తుందా?

గిటార్ వాయించేవాళ్లకు ఏదో ఒక రోజు ఈ ప్రశ్న ఎదురవుతుంది. పేరున్న పాత పెడల్ (గిటార్ సౌండ్‌ను మార్చే, కాలితో నొక్కే పెట్టె) వేల డాలర్లు పలుకుతోంది, దాని క్లోన్, అంటే నకలు, మాత్రం అందులో ఏ ఇరవయ్యో వంతుకో దొరుకుతోంది, లోపల సర్క్యూట్ ఒకటేనని అమ్మేవాళ్లూ అంటున్నారు, విప్పి చూసినవాళ్లూ అంటున్నారు. మరి ఆ సౌండ్ వస్తుందా, రాదా?

నేను అనుకునేది ముందే చెప్పేస్తాను. రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టి పోలిస్తే మంచి క్లోన్ చాలాసార్లు నెగ్గుకొస్తుంది. ఎక్కడ నెగ్గుకురాదో కూడా చాలావరకు ముందే చెప్పవచ్చు, ఎందుకంటే దాని కారణాలు వస్తువుల్లోనే ఉన్నాయి, అందులో మంత్రాలేమీ లేవు. అయితే మన చెవిలో గూడుకట్టుకున్న ఆ సౌండ్ ఉందే, అది ఒక్క పెట్టెలోంచి వచ్చింది కాదు. వేళ్లు, తీగలు, కేబుల్, పెడల్, యాంప్, స్పీకర్, మైకు, టేపు అన్నీ కలిసి ఒక గదిలో ఒక పూట చేసిన పని అది. అందులోంచి ఒక్క పెట్టెను మక్కికి మక్కి దించేసి, మిగతావన్నీ దాని వెంటే రావాలని ఆశిస్తాం. చిక్కంతా అక్కడే.

క్లోన్ అనగానే చిన్నచూపు చూసేవాళ్లు మార్షల్ కథ ఒకసారి గుర్తుచేసుకోవాలి. 1962లో పశ్చిమ లండన్‌లోని హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ సంగీత వాయిద్యాల దుకాణం నడుపుతున్నాడు. అక్కడికి వచ్చే కుర్రాళ్లకు అమెరికన్ ఫెండర్ యాంపులు కావాలి, అవేమో దిగుమతి అయ్యేసరికి ధర మండిపోయేది. అప్పుడు కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ అనే ఇద్దరితో కలిసి ఆయన ఫెండర్ బాస్‌మన్ యాంపును, ఖచ్చితంగా చెప్పాలంటే 5ఎఫ్6-ఏ అనే సర్క్యూట్‌ను, దాదాపు ఉన్నదున్నట్టు దించాడు. అదే జేటీఎం45. రాక్ సంగీతంలో అందరికంటే పెద్ద పేరు తెచ్చుకున్న యాంపుల వంశం మొదలైందే ఒక క్లోన్‌తో.

సర్క్యూట్ డ్రాయింగ్‌లో చూస్తే బాస్‌మన్, జేటీఎం45 కవలల్లా ఉంటాయి. వింటే మాత్రం వేరు. ఎందుకు? బాస్‌మన్‌లో మొదటి ట్యూబు (సిగ్నల్‌ను పెంచే గాజు వాల్వు) 12ఏవై7, దాని యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్, అంటే పెంచే శక్తి, 44 దగ్గర ఉంటుంది. మార్షల్ ఆ చోట ఈసీసీ83 పెట్టారు, దానిది 100. అంటే నాబ్ అంతే తిప్పినా తర్వాతి దశకు సిగ్నల్ బాగా ఎక్కువ వెళ్తుంది, సౌండ్ పగిలి గరుకెక్కడం, అంటే డిస్టార్షన్, ముందే మొదలవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్లు ఇంగ్లండ్‌లో దొరికినవి వాడారు. ఔట్‌పుట్ ట్యూబులు కొన్నాళ్లకే కేటీ66కి మారాయి. ఔట్‌పుట్ నుంచి వెనక్కి పంపే ఫీడ్‌బ్యాక్ సిగ్నల్‌ను వేరే చోటు నుంచి తీశారు. అన్నిటికంటే పెద్ద తేడా స్పీకర్లది. బాస్‌మన్‌లో వెనక తెరిచి ఉన్న పెట్టెలో 10 అంగుళాల జెన్సెన్ స్పీకర్లు నాలుగు, మార్షల్‌కేమో వెనక కూడా మూసేసిన క్యాబినెట్‌లో 12 అంగుళాల సెలెస్షన్లు నాలుగు. నకలు దించబోతే కొత్త గొంతు పుట్టింది. ఆ గొంతు కోసం ఇవాళ జనం జేటీఎం45 క్లోన్లు తయారు చేసుకుంటున్నారు.

నాకు ఈ కథలో పనికొచ్చే విషయం ఒకటే కనిపిస్తుంది: డ్రాయింగ్ ఒకటే అయినంత మాత్రాన సౌండ్ ఒకటి కావాలని లేదు, అయితే ఎక్కడెక్కడ తేడా వస్తుందో వేలు పెట్టి చూపించవచ్చు. కాబట్టి "క్లోన్ మంచిదా కాదా" అని గంపగుత్తగా అడగడం కన్నా ఆ పెట్టెలో దేనివల్ల ఆ సౌండ్ వస్తోందని అడగాలి.

తేలికైన కేసు ముందు చూద్దాం. ఐబనీజ్ కంపెనీ పెడల్ ట్యూబ్ స్క్రీమర్. పేరులో ట్యూబు ఉన్నా లోపల ట్యూబు లేదు. సిగ్నల్‌ను పెంచే ఒక ఆప్-యాంప్ చిప్, దాని ఫీడ్‌బ్యాక్ దారిలో రెండు సిలికాన్ డయోడ్లు, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు. సుమారు 720 హెర్ట్జ్ కిందున్న బాస్‌కు గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) తగ్గించి, మధ్య శబ్దాలను ముందుకు తెచ్చే ఏర్పాటే దాని వ్యక్తిత్వం. ఆ ఏర్పాటు మామూలు విడిభాగాల విలువల మీద ఆధారపడిందే తప్ప ఏ అరుదైన వస్తువు మీదా కాదు. దాని రెండు మోడళ్లు టీఎస్808, టీఎస్9 మధ్య ఎంత గొడవ జరుగుతుందో ఈ పెడళ్లతో తిరిగేవాళ్లకు తెలుసు. రెండిటి సర్క్యూట్లకూ ఉన్న అసలు తేడా ఔట్‌పుట్ దగ్గరున్న రెండు రెసిస్టర్లు, అంతే: మొదటిదాంట్లో 100 ఓమ్‌లు, 10 కిలో ఓమ్‌లు, రెండోదాంట్లో 470 ఓమ్‌లు, 100 కిలో ఓమ్‌లు. చిప్ విషయానికొస్తే జేఆర్‌సీ4558 అనే ఆ పేరును జపం చేసేవాళ్లున్నారు, కానీ ఆ రకం చిప్ అప్పట్లో చవగ్గా దొరికిన మామూలు సరుకు, ఇప్పటికీ అంతే. ఇలాంటి పెడల్‌కు సరైన విలువలతో చేసిన క్లోన్, ఒరిజినల్‌కు భిన్నంగా వినిపిస్తే కారణం చాలావరకు నాబ్‌ల తేడానే. పాత నాబ్‌ల పొటెన్షియోమీటర్లు రాసి ఉన్న విలువ కన్నా 20 శాతం అటూ ఇటూ ఉండటం మామూలే, అందుకే ఒకదాంట్లో మధ్యకు పెట్టిన సెట్టింగ్ ఇంకోదాంట్లో కాస్త పక్కకు జరుగుతుంది. మేం ఒకసారి స్నేహితుడి పాత టీఎస్9నీ నా క్లోన్‌నీ పెట్టుకుని కూర్చున్నాం. రెండు నాబ్‌లూ ఒకే చోట పెడితే ఎవరైనా గుర్తుపట్టేంత తేడా. నాబ్‌ల వంక చూడకుండా చెవితో సరిచేసి, వాల్యూమ్ సమానం చేశాక మా ఇద్దరిలో ఎవరమూ వరుసగా సరిగ్గా చెప్పలేకపోయాం.

క్లాన్ సెంటార్ కథ కూడా సర్క్యూట్ వరకు ఇంతే. బిల్ ఫినెగన్ 1994లో అమ్మడం మొదలుపెట్టిన ఆ ఓవర్‌డ్రైవ్ (తేలికపాటి డిస్టార్షన్) పెడళ్లు మొత్తం 8000 దాకా వచ్చాయి. లోపలి బోర్డు ఎవరికీ కనిపించకుండా ఎపాక్సీ పోసి మూసేశాడు, దాంతో ఆసక్తి పదింతలైంది. ఆ జిగురు గీకి సర్క్యూట్ బయటపెట్టాక చూస్తే నిజంగానే తెలివైన డిజైన్. 9 వోల్టుల సరఫరాను లోపలే పెంచుకుంటుంది, గెయిన్ నాబ్ తిప్పుతుంటే శుభ్రమైన సిగ్నల్‌నూ క్లిప్ అయిన (శిఖరాలు కోసుకుపోయిన) సిగ్నల్‌నూ ఒకే సమయంలో వేర్వేరు పాళ్లలో కలుపుతుంది, అందుకే వాయించేవాడి వేలి బరువు పోకుండా నిలుస్తుంది. ఈ కలపడమంతా విలువల లెక్క, అదృష్టం కాదు. జర్మేనియం డయోడ్ల గురించి వాదన ఉంది, ఆయన దగ్గరున్న సరుకు వేరని. ఉండొచ్చు. కానీ ఆయనే 2012లో ఇదే సర్క్యూట్‌ను చిన్న చిన్న సర్ఫేస్‌మౌంట్ భాగాలతో కేటీఆర్ పేరుతో తెచ్చాడు, పైగా ఈ అతి హడావిడి తాను సృష్టించింది కాదని దాని పైనే అచ్చు వేయించాడు. డిజైనర్ అంతకంటే స్పష్టంగా ఏం చెప్పాలి? వేల డాలర్లు ఆ పెడల్ అరుదైనతనానికి పడుతున్న ధర. 2024లో బెరింగర్ కంపెనీ సెంటార్ రూపంలో పెడల్ తెచ్చినప్పుడు ఆయన కోర్టుకెళ్లిందీ ప్రధానంగా పేరు, రూపం విషయంలో. ఇలాంటి పాత సర్క్యూట్‌ను ఎవరైనా వాడుకోవచ్చుగానీ పేరునూ బొమ్మనూ వాడుకోలేరు, ఈ వ్యాపారమంతా ఆ సన్నని గీత మీదే నడుస్తోంది.

కష్టమైనవి వేరే ఉన్నాయి. ఫజ్ ఫేస్ చూడండి. సౌండ్‌ను గరుకుగా, బొంగురుగా మార్చే ఫజ్ రకం పెడల్ ఇది. 1966లో ఆర్బిటర్ కంపెనీ తెచ్చిన ఈ గుండ్రటి పెట్టె లోపల లెక్కపెడితే భాగాలు పదకొండే: రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు నాబ్‌లు. ఒక మధ్యాహ్నంలో కూర్చుని టంకం వేసేయొచ్చు. అయినా మంచి ఫజ్ ఫేస్ క్లోన్ దొరకడం ట్యూబ్ స్క్రీమర్ క్లోన్ దొరికినంత సులువు కాదు, ఎందుకంటే ఇక్కడ సౌండ్ మొత్తం ఆ రెండు ట్రాన్సిస్టర్ల మీదే నిలబడి ఉంది. తొలినాటివి జర్మేనియంవి, ఎన్‌కేటీ275 లాంటివి. ఒకే సంచిలోంచి తీసిన రెండు జర్మేనియం ట్రాన్సిస్టర్ల గెయిన్ ఒకటి 60, ఇంకోటి 150 ఉండటం వింతేం కాదు. దానికి తోడు లీకేజీ కరెంటు (ట్రాన్సిస్టర్‌లో అనవసరంగా కారే కరెంటు), అది వేడి 10 డిగ్రీలు పెరిగితే దాదాపు రెట్టింపవుతుంది. కాబట్టి ఉదయం కమ్మగా పాడిన పెడల్, మధ్యాహ్నం స్టేజీ లైట్ల కింద గొంతు పట్టేసినట్టు తెగిపోతూ పలుకుతుంది. నేను మొదట కట్టుకున్న ఫజ్ ఇలాగే చేసింది, వారం రోజులు టంకం తప్పేమోనని వెతికాను, చివరికి ట్రాన్సిస్టర్ మీద వేలు పెట్టి వేడి చేస్తే సౌండ్ మారడం విన్నాక అర్థమైంది. అరవైలలో వాయించినవాళ్లు కూడా ఇదే బాధ పడ్డారు, అందుకే ఒకే మోడల్ నాలుగైదు తెచ్చుకుని అందులో మంచిది ఏరుకునేవాళ్లు. రికార్డింగుల్లో మనం వినేది అలా ఏరిన పెడల్‌ని. మిగిలిపోయినవీ ఒరిజినల్‌లే కదా! వాటిలో ఒకదాన్ని ఇప్పుడు ఎంత పోసి కొన్నా, గెయిన్, లీకేజీ కొలిచి జత కలిపిన మంచి క్లోన్ ముందు అది తేలిపోతుంది.

సౌండ్‌ను అలల్లా ఊపే యూనివైబ్‌ది ఇంకో రకం చిక్కు. జపాన్‌లో షిన్-ఏ కంపెనీ కోసం ఫుమియో మియెదా రూపొందించిన ఈ పెట్టెలో నడిమధ్య ఒక చిన్న బల్బు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, చుట్టూ నాలుగు ఫోటోసెల్స్ ఆ వెలుగును చూసి సిగ్నల్ ఫేజ్‌ను మారుస్తాయి. బల్బులోని ఫిలమెంట్ వేడెక్కడానికీ చల్లారడానికీ పట్టే సమయం వేరు వేరు, ఫోటోసెల్స్ కూడా వెలుగుకు ఒక వేగంతో, చీకటికి ఇంకో వేగంతో స్పందిస్తాయి. గుండె కొట్టుకుంటున్నట్టుండే ఆ ఊపు ఈ నిదానంలోంచే పుడుతుంది. బల్బు తీసేసి ఎల్ఈడీ పెట్టిన చవక క్లోన్లు అందుకే చాలాసార్లు మామూలు ఫేజర్‌లా ఉంటాయి. ఫోటోసెల్స్‌లో కాడ్మియం ఉండటం వల్ల యూరప్ నిబంధనలతో అవి దొరకడం కూడా కష్టమైంది. ఇక్కడ క్లోన్ చేయాల్సింది ఒక ఆలస్యాన్ని, దాన్ని డ్రాయింగ్‌లో ఎవరూ గీయరు.

అసలు "ఒరిజినల్" అంటే ఏది? అప్పటి యాంపుల్లో వాడిన కార్బన్ రెసిస్టర్లు 10 శాతం, కొన్నిచోట్ల 20 శాతం అటూ ఇటూ ఉండేవి. ఒకే నెలలో ఒకే ఫ్యాక్టరీలోంచి వచ్చిన రెండు యాంపులు ఒకేలా పలకాలన్న హామీ ఆ రోజే లేదు. తర్వాత యాభై అరవై ఏళ్లలో రెసిస్టర్ల విలువ పెరిగింది, ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయాయి లేదా ఎవరో మార్చారు, స్పీకర్ కాగితం మెత్తబడింది. ఇవాళ మీరు వినే పాత యాంప్ ఆ రికార్డు చేసిన నాటి యాంప్‌లా ఉండదు. డంబుల్ యాంపుల దగ్గరికొస్తే ఈ ప్రశ్న మరీ పదునెక్కుతుంది. 2022లో కన్నుమూసిన అలెగ్జాండర్ డంబుల్ జీవితం మొత్తంలో చేసినవి సుమారు మూడు వందలు. కొనే మనిషి వాయించడం విని, అతని చేతికి తగ్గట్టు విలువలు మార్చి ఇచ్చేవాడు. లక్ష డాలర్లు దాటిన ధరలు వింటుంటాం. ఆయన యాంపుల్లోని ఓవర్‌డ్రైవ్ స్పెషల్ మోడల్‌కు క్లోన్ అని ఒకరు అమ్ముతుంటే నాకు వెంటనే వచ్చే ప్రశ్న, ఎవరి ఓవర్‌డ్రైవ్ స్పెషల్ అని. వేరొకరి కొలతలకు కుట్టిన చొక్కాను ఎంత బాగా నకలు కుట్టినా అది మనకు పట్టాలని ఏముంది?

ఇప్పుడు పెట్టె దాటి బయటికి వద్దాం, నాకు ఎక్కువ ఆసక్తి ఉన్నది ఇక్కడే. తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే గిటార్ పికప్ ఒక తీగ చుట్ట, కేబుల్ ఒక కెపాసిటర్. రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర గట్టిగా మోగుతాయి. పికప్ ఇండక్టెన్స్ 2.5 హెన్రీలు, కేబుల్ కెపాసిటెన్స్ 500 పీకోఫారడ్లు అనుకుంటే ఆ శిఖరం 4500 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. అదే 2000 పీకోఫారడ్ల పొడవాటి చుట్టల కేబుల్ పెడితే 2250కి దిగిపోతుంది. గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ వాడిన చుట్టల కేబుల్ అలాంటిదే. ఇవాళ మంచి నాణ్యమైన పొట్టి కేబుల్‌తో ఫజ్ క్లోన్ పెట్టి, ఒరిజినల్ కన్నా గీకినట్టు గరుకుగా ఉందని తిట్టుకునేవాళ్లు తిట్టాల్సింది పెడల్‌ని కాదు. టేప్ ఎకో సంగతీ అంతే. టేపుతో ప్రతిధ్వని పుట్టించే ఎకోప్లెక్స్ ఈపీ-3ని ఎకో కోసం కాకుండా దాని ప్రీయాంప్ (సిగ్నల్‌ను ముందుగా పెంచే భాగం) కోసం సిగ్నల్ దారిలో ఉంచేసినవాళ్లున్నారు, ఇప్పుడు ఆ ప్రీయాంప్ ఒక్కటే విడిగా పెడల్‌గా అమ్ముడుపోతోంది. గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్ తన మార్షల్‌కు వచ్చే కరెంటునే వేరియాక్ (వోల్టేజీని మార్చే ట్రాన్స్‌ఫార్మర్)తో 90 వోల్టుల దాకా తగ్గించి వాడాడు. ఆ యాంప్‌ను చివరి స్క్రూ దాకా క్లోన్ చేసినా గోడలోంచి వచ్చే వోల్టేజీ సంగతి ఎవరు చూసుకోవాలి?

క్వీన్ బృందం బాసిస్ట్ జాన్ డీకన్ చేసిన చిన్న యాంప్ గురించి చెప్పకుండా ఉండలేను. లండన్ వీధిలో చెత్తతొట్టెలో దొరికిన సర్క్యూట్ బోర్డును తెచ్చి, ఇంట్లో పెట్టుకునే మామూలు స్పీకర్ పెట్టెలో బిగించి, బ్యాటరీతో నడిపాడు. అదే బృందం గిటారిస్ట్ బ్రయన్ మే దాన్ని పట్టుకుని వాద్యబృందంలా పలికించాడు. దాన్ని క్లోన్ చేయబోయినవాళ్లకు ఏళ్లు పట్టింది. సర్క్యూట్ చాలా చిన్నది, కానీ అందులోని బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లను, జర్మేనియం ట్రాన్సిస్టర్లను, స్పీకర్‌ను అర్థం చేసుకుని మళ్లీ పుట్టించాల్సి వచ్చింది. చెత్తలో దొరికిన వస్తువును క్లోన్ చేయడం ఇంత కష్టమైందంటే, సౌండ్‌కు ధరతో పనిలేదని నాకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

స్పీకర్ గురించి ఇంకాస్త. గిటార్ స్పీకర్ 5000 హెర్ట్జ్ దాటాక చేతులెత్తేస్తుంది, ఆ చేతులెత్తేయడమే మనకు కావాలి. డిస్టార్షన్ సిగ్నల్‌ను స్పీకర్ లేకుండా నేరుగా హెడ్‌ఫోన్స్‌లో వినండి, తేనెటీగల గుంపులా ఉంటుంది. వేలు పోసి పెడల్ మార్చినా రాని తేడా స్పీకర్ మారిస్తే వస్తుంది, చాలామంది దీన్ని చిట్టచివర ఆలోచిస్తారు. రికార్డింగ్‌లోనైతే దాని ముందు మైకు, ఆ మైకు అంగుళం జరిగినా టోన్ వేరు. ఆ స్పీకర్ చెవులు చిల్లులు పడే వాల్యూమ్‌లో తానే వంగిపోతూ మోగి ఉంటుంది, మనమేమో పడకగదిలో నాబ్ రెండు దగ్గర పెట్టి పోల్చుకుంటాం. వాల్యూమ్ తగ్గితే మన చెవికి బాస్ మరీ తగ్గి వినిపిస్తుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. ఆ పోలికలో ఒరిజినల్ యాంప్ పెట్టినా ఓడిపోతుంది.

యాంప్ సౌండ్‌కు డిజిటల్ నమూనా తీసే క్యాప్చర్లు ఈ గొలుసు మొత్తాన్ని ఒకేసారి దించుతామంటున్నాయి. 1998లో యాంపులను అనుకరించే లైన్ 6 పాడ్ వచ్చినప్పటికీ ఇప్పటికీ పోలికే లేదు. 2011లో వచ్చిన కెంపర్ ప్రొఫైలర్, ఆ తర్వాత న్యూరల్ నెట్‌వర్క్‌తో నేర్చుకునే న్యూరల్ యాంప్ మాడలర్ లాంటివి, మైకు ముందు మోగిన యాంప్‌ను ఆ సెట్టింగ్‌లో భయపెట్టేంత దగ్గరగా పట్టుకుంటున్నాయి. నేనూ వాడతాను, ఇష్టంగానే వాడతాను. కానీ మామూలుగా ఒక క్యాప్చర్ ఒక ఫోటో లాంటిది, నాబ్‌లు ఎక్కడున్నాయో అక్కడ తీసింది. అసలు యాంప్‌లో గెయిన్ తిప్పితే ఏం జరుగుతుందో ఆ ఫోటోకు తెలియదు. ఇంకో లోపం ఎక్కువమంది గమనించనిది, ఫజ్ ఫేస్‌ను క్యాప్చర్ చేసినప్పుడు బయటపడుతుంది. ఫజ్ ఫేస్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (వచ్చే సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) బాగా తక్కువ, కాబట్టి అది గిటార్ పికప్‌తో నేరుగా ముడిపడి ఉంటుంది. గిటార్ వాల్యూమ్ కాస్త తగ్గించగానే ఫజ్ కరిగిపోయి గాజులా మెరిసే శుభ్రమైన సౌండ్ వచ్చేది ఆ ముడి వల్లే. క్యాప్చర్ పెట్టెకు ఉండేది పికప్‌ను కదిలించని ఎత్తైన ఇంపీడెన్స్. ముడి తెగిపోయింది. గట్టిగా వాయిస్తే రెండూ ఒకటే, వాల్యూమ్ తగ్గించి చూడండి, క్యాప్చర్‌లో సౌండ్ చిన్నదవుతుందిగానీ ఒరిజినల్‌లా మెరవదు.

అందుకే క్లోన్ కొనేముందు పోల్చుకునేటప్పుడు రెండు పనులు చేయమంటాను. మొదటిది, రెండిటి వాల్యూమ్‌నూ సమానం చేయండి, మీటర్ ఉంటే మీటర్‌తోనే, ఎందుకంటే ఒక్క డెసిబెల్ ఎక్కువున్నది చెవికి "మంచి టోన్" అనిపిస్తుంది. రెండోది, ఫుల్ వాల్యూమ్‌లో పవర్ కార్డ్ (రెండు స్వరాలను కలిపి గట్టిగా మీటడం) కొట్టి తీర్పు చెప్పేయకండి. వీడియోల్లో పోలికలన్నీ అక్కడే ఆగిపోతాయి. గిటార్ వాల్యూమ్ నాబ్ ఆరు మీద పెట్టి, వేలి కొసతో మెల్లగా, తర్వాత గట్టిగా, ఒక నోట్‌ను పూర్తిగా ఆరిపోయేదాకా వదిలి వినండి. నాసిరకం ఫజ్ క్లోన్లు నోట్ చివర ఉమ్మేసినట్టు ఠక్కున ఆగిపోతాయి, మంచివి నిదానంగా ఆరతాయి. ట్యూబు రెక్టిఫయర్ (ఏసీ కరెంటును డీసీగా మార్చే ట్యూబు) ఉన్న యాంప్ అయితే గట్టిగా మీటినప్పుడు సరఫరా వోల్టేజీ ఒక్క క్షణం కుంగి మళ్లీ లేస్తుంది, ఆ కుంగుబాటు క్లోన్‌లో ఉందో లేదో వేళ్లకే తెలిసిపోతుంది. పాత సర్క్యూట్ బోర్డు, చేతి టంకం, తీగల రంగు లాంటివాటికి నేను డబ్బు పెట్టను. ట్రాన్స్‌ఫార్మర్‌కు, స్పీకర్‌కు పెడతాను.

నన్ను వారం రోజులు ఏడిపించిన ఆ ఫజ్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. జత కలిపిన ట్రాన్సిస్టర్లు వేశాక దాని లోపల ఒక చిన్న ట్రిమ్‌పాట్ (స్క్రూలా తిప్పి సరిచేసే నాబ్) కూడా బిగించాను. ఎండలు ముదిరాక మూత విప్పి, నోట్ తెగకుండా ఆరేదాకా స్క్రూడ్రైవర్‌తో అర మలుపు తిప్పుతాను. చలి మొదలవగానే మళ్లీ వెనక్కి తిప్పుతాను. 1966 నాటి ఒరిజినల్‌లో ఆ స్క్రూ లేదు.